రోడ్డు వెయ్యని ఎంపీ

కొల్లేటి గట్టున ఉన్న మావయ్య వాళ్ల ఊరు వెళ్లొచ్చి రెండు వారాలైంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన అన్న ఒక మాట నన్ను వదలడం లేదు. అరుగు మీద కూర్చుని పాత ఎన్నికల కబుర్లు చెప్పుకుంటుంటే ఎప్పటిదో ఒక ఎంపీ ప్రస్తావన వచ్చింది. ఆయన కొల్లేరు గురించి పార్లమెంటులో చాలాసార్లు అడిగాడు మావయ్యా అన్నాను. మావయ్య తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుని, "అడిగితే ఏంట్రా? ఢిల్లీలో మాట్లాడితే మన గట్టు మీద గ్రావెల్ పడుద్దా? ఒక్క రోడ్డన్నా ఏశాడేమో చెప్పు" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. ఆ గట్టు మీద గ్రావెల్ లేని మాట నిజం. నాలుగు చినుకులు పడితే స్కూలు ఆటో ఆ గట్టెక్కదు. పిల్లలు పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడుస్తారు. రోజూ ఆ బురద చూసే మనిషికి, పార్లమెంటులో మంత్రి లేచి జవాబివ్వాల్సిన నక్షత్రం గుర్తున్న ప్రశ్నకీ, రాతలో జవాబొచ్చే గుర్తు లేని ప్రశ్నకీ తేడా చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అయినా సరే, ఆయన అడిగిన లెక్క తప్పని ఇప్పటికీ నమ్ముతున్నాను. రోడ్డు కావాలి, అందులో అనుమానం లేదు. రోడ్డు వెయ్యడానికి పంచాయతీ ఉంది, జిల్లా పరిషత్తు ఉంది, ఆర్ అండ్ బీ ఉంది. తన ఊరి నీళ్ల బాధని చట్టం దాకా మోసుకెళ్లడానికి మాత్రం ఎంపీ, ఎమ్మెల్యే తప్ప ఇంకో మనిషి లేడు. ఆ పనిని పనిగా లెక్కెయ్యడం మనమే మానేశాం. ఓటేసేవాళ్లం లెక్కెయ్యని పనిని వాళ్లెందుకు చేస్తారు?

ఎంపీ అంటే నిధులు తెచ్చేవాడు అన్న అలవాటు మరీ పాతదేమీ కాదు. 1993 డిసెంబరులో ఎంపీలాడ్స్, అంటే ఎంపీల స్థానిక అభివృద్ధి నిధుల పథకం మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో ఎంపీకి 5 లక్షలు, మరుసటేడు కోటి, 1998-99లో 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు. ఆంధ్రలో ఒక్కో లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. 5 కోట్లని ఏడుతో భాగిస్తే సుమారు 71 లక్షలు. ఒక నియోజకవర్గానికి, ఏడాదంతటికీ అంతే. నాలుగు బస్ షెల్టర్లు, రెండు కమ్యూనిటీ హాళ్లు, కొన్ని సిమెంటు రోడ్డు ముక్కలు, ప్రతిదానికీ ఒక శిలాఫలకం. వాటిని నేను చిన్నచూపు చూడటం లేదు. ఒక ఎంపీ ఐదేళ్ల పనిని ఆ శిలాఫలకాలు లెక్కపెట్టి తూచడం దగ్గరే నా పేచీ.

సింగ్‌నగర్ గోడ

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. నీళ్లు తీశాక సింగ్‌నగర్‌లో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లాను. ముందు గది గోడకి సరిగ్గా నా ఛాతీ ఎత్తున గోధుమరంగు గీత. గీతకి కింద సున్నం ఉబ్బి చేతికి పొడిపొడిగా రాలుతోంది, పైన మాత్రం గోడ మామూలుగా ఉంది. మేకుకి వేలాడుతున్న క్యాలెండరులో ఇంకా ఆగస్టు నెలే ఉంది. నీళ్లొచ్చింది ఒకటో తారీకున, కాగితం తిప్పడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. కింద సగం తడిసి, ఎండి, అప్పడంలా ముడుచుకుంది. వాళ్లమ్మగారు మంచం కోళ్ల కింద ఇటుకలు పెడుతూ, "మళ్లీ వస్తుందంటావా బాబూ?" అని అడిగారు.

ఏం చెప్పాలి? అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు ప్రవహించాయి. అంతకు ముందెన్నడూ లేని వరద అది. కృష్ణే అంత ఎత్తున ఉంటే, బుడమేరుని అందులోకి మళ్లించే డైవర్షన్ కాలవ నీళ్లని ఆ నది లోపలికి తీసుకునే పరిస్థితి లేదు. కాలవ గట్లు తెగాయి. బుడమేరు తన పాత దారి వెతుక్కుంది. ఆ పాత దారిలో ఇప్పుడు ఊరుంది.

బుడమేరు చివరికి చేరాల్సింది కొల్లేరుకి. తమ్మిలేరుదీ అదే దారి. కొల్లేటి నుంచి నీళ్లు బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. బుడమేరు మీద వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉన్నది మైలవరం నియోజకవర్గంలో. మునిగింది విజయవాడ. నీళ్లు నిలవాల్సిన సరస్సు ఏలూరు వైపు. ఉప్పుటేరు సముద్రంలో కలిసేది ఇంకా కిందికి, నరసాపురం వైపు. ఒక ఎమ్మెల్యే పరిధిలో పుట్టిన నీళ్లు ఇంకొకరి ఓటర్లని ముంచి, మూడో ఆయన సరస్సులో ఆగి, నాలుగో ఆయన గట్ల మధ్య నుంచి సముద్రానికి పోతాయి. ఈ నలుగురిలో ఎవరికి వారు తన నియోజకవర్గం మాత్రమే చూసుకుంటే, ప్రతి ఒక్కరూ తన పని తాను చక్కగా చేసినట్టే కనిపిస్తుంది. ఆ గోడ మీద గీత మాత్రం మళ్లీ పడుతుంది.

నీళ్లకి నియోజకవర్గం హద్దు తెలీదు కాబట్టే ఊరి సమస్యని ఊరు దాటించే మనిషి కావాలి. అంతవరకు నా వాదన నాకు తేలిగ్గానే అనిపించింది. కొల్లేరు దగ్గరికొచ్చేసరికి చిక్కుపడింది.

ఐదో కాంటూరు

మావయ్య వాళ్ల ఊళ్లో "కాంటూరు" అనే మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు. సముద్రమట్టం నుంచి ఇన్ని అడుగుల ఎత్తు అని సరస్సు చుట్టూ గీసే గీత అది. 1999 అక్టోబరులో ప్రభుత్వం జీవో 120 ఇచ్చి, +5 కాంటూరు దాకా సుమారు 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు.

ఆ చెరువులు దొంగతనంగా పుట్టినవి కావు అంటాడు మావయ్య, అందులో సగం నిజముంది. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి, లంక గ్రామాలవాళ్ల చేత చెరువులు తవ్వించింది. తర్వాత వాటిలో చాలా భాగం లీజుల మీద బయటి పెట్టుబడిదారుల చేతిలోకి పోయింది. సొసైటీలో పేరున్నవాడు తన చెరువు గట్టు మీదే కూలీగా మిగిలాడు. మావయ్యకి ఒక చెరువులో చిన్న వాటా ఉండేది. పొక్లెయిన్ వచ్చిన రోజు ఆయన గట్టు మీదే నిలబడ్డాడట. మట్టి విరిగి పడగానే నీళ్లు ఒక్కసారిగా పోలేదట, సన్నగా మొదలై, గండి వెడల్పై, సాయంత్రానికి అడుగున బురద తేలిందట. ఆ బురదలో చేపపిల్లలు ఎగిరెగిరి పడుతుంటే కొంగలు వచ్చి వాలాయట. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయన నా మొహం వంక చూడడు.

2008లో రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అభయారణ్యం హద్దుని +5 నుంచి +3 కాంటూరుకి తగ్గించాలని. ఆ పార్టీ ఈ పార్టీ అని లేదు, అందరూ చేతులెత్తారు.

నన్ను ఇబ్బంది పెట్టే సంగతి ఇదే. శాసనసభ్యుడు ఊరి గొంతు వినిపించాలి అంటున్నాను కదా, ఆ రోజు వినిపించారు. ఊరు ఏం కోరిందో అదే సభలో పలికింది. మరి అది పర్యావరణానికి మంచి పనేనా? కాదు. సరస్సు చుట్టూ ఆ రెండు అడుగుల తేడాలో ఉన్నది ఖాళీ భూమి కాదు. వరదొచ్చినప్పుడు నీళ్లు పరుచుకునే చోటు అది. దాన్ని తీసేస్తే బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు ఎక్కడికి పోవాలి? తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కూడా +5 దగ్గరే ఉంచమంది. అంటే ఊరి గొంతు ఒకవైపు, ఊరి మేలు ఇంకోవైపు నిలబడ్డాయి.

ఇక్కడ చట్టం చెప్పేది వినాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోది. అందులో 26ఎ సెక్షను ప్రకారం ఒకప్పుడు అభయారణ్యం హద్దు మార్చాలంటే రాష్ట్ర శాసనసభ తీర్మానం చెయ్యాలి. 2002లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు ఉంటే తప్ప హద్దు మార్చకూడదని రాసింది. ఆ సవరణ అమల్లోకి వచ్చిన ఐదేళ్లకి మన శాసనసభ తీర్మానం చేసింది. ఆ ఒక్క తీర్మానంతో హద్దు మారదు. సభలో కూర్చున్నవాళ్లకి ఇది తెలియదని నేననుకోను. మావయ్యకి మాత్రం ఎవరూ చెప్పలేదు. "అసెంబ్లీలో పాసైంది, ఇంక మూడో కాంటూరే" అని ఆయన చాలా ఏళ్లు నమ్మాడు. ఆ నమ్మకం మీద అప్పు చేశాడు.

ఆ జాతీయ బోర్డుకి ప్రధానమంత్రి అధ్యక్షుడు. అందులో ముగ్గురు ఎంపీలుంటారు, ఇద్దరు లోక్‌సభ నుంచి, ఒకరు రాజ్యసభ నుంచి. రాష్ట్ర వన్యప్రాణి బోర్డులో ముగ్గురు శాసనసభ్యులుంటారు. కొల్లేటి హద్దు గురించి మాట్లాడగలిగే కుర్చీలు అవి. ఆ కుర్చీల్లో ఎవరున్నారో, వాళ్లు ఏ మీటింగులో ఏమన్నారో మన పేపర్లు రాయవు, మనం అడగం. నేనూ ఈ వ్యాసం రాయడానికి కూర్చునేదాకా అడగలేదు.

అప్పుడు మంచి శాసనసభ్యుడు ఏం చేసి ఉండాల్సింది? నాకు తోచింది చెబుతాను. ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూములున్నాయి, పట్టాలున్న మనుషులున్నారు. అభయారణ్యం ప్రకటించినప్పుడు లోపలున్న వాళ్ల హక్కులు తేల్చాలని, భూమి తీసుకుంటే డబ్బు కట్టాలని అదే చట్టంలో ఉంది. ఆ పని ఏళ్ల తరబడి నానింది. కాంటూరు తగ్గిస్తామని ఆశ పెట్టే బదులు, "హద్దు మారదు, కానీ నీ పరిహారం నీకు వచ్చేదాకా నేను ఊరుకోను" అని గట్టు మీద నిలబడి చెప్పగలిగిన వాడు కావాలి. ఆ మాటకి ఓట్లు పోతాయి. ఆ మాట చెప్పి, పరిహారం కోసం ప్రతి సమావేశంలోనూ లేచి నిలబడేవాడే నా దృష్టిలో కొల్లేటి ప్రతినిధి. ఇది నేను హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చుని రాస్తున్న మాట అని నాకు తెలుసు, అందుకే తేలిగ్గా రాయడం లేదు.

నల్లగొండ 480

శాసనకర్తలు ఆ పని చెయ్యనప్పుడు జనం ఏం చేస్తారో నల్లగొండ చూపించింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క స్థానానికి 480 మంది పోటీ చేశారు. తాగే నీళ్లలో ఫ్లోరైడు. పళ్లు పచ్చబడి, ఎముకలు వంకర్లు పోయి, ముప్ఫై ఏళ్లకే నడుము వంగిపోయిన మనుషుల జిల్లా. జలసాధన సమితి పిలుపు మీద రైతులు, ఫ్లోరైడు బాధితులు వరసగా వెళ్లి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు ఒక పుస్తకమంత అయింది. ఎన్నికే వాయిదా వెయ్యాల్సొచ్చింది. 477 మందికి డిపాజిట్లు పోయాయి, గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. దేశం మొత్తానికీ నల్లగొండ నీళ్ల సంగతి తెలిసింది.

దాని మీద వచ్చిన చట్టం ఏమిటి? అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, లోక్‌సభ డిపాజిట్టుని 500 నుంచి 10,000కి పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ తరఫున కానివాళ్లకి పదిమంది ప్రతిపాదకులుండాలన్నారు. తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో అదే ఎన్నికల్లో వెయ్యిమందికి పైగా నిలబడ్డారు, కర్ణాటకలో బెళగావిలో కూడా వందల మంది, కాబట్టి ఆ సవరణకి కారణం నల్లగొండ ఒక్కటే కాదు. ఎన్నికలు నడపాలంటే అలాంటి కట్టడి అవసరం అన్న వాదననీ నేను కాదనను. కానీ వరస చూడండి. డిపాజిట్టు సవరణ కొన్ని నెలల్లో వచ్చింది. ఇంటింటికీ నది నీళ్లిచ్చే మిషన్ భగీరథ మొదలైంది 2016లో, ఇరవై ఏళ్లకి. 480 మంది అడిగిన ప్రశ్నని సభలో ఒక్కరు చేత్తో పట్టుకుని వదలకుండా కూర్చుని ఉంటే ఆ ఇరవై ఏళ్లు పదేళ్లయ్యేవేమో. ఆ పదేళ్లలో పుట్టిన పిల్లల ఎముకల సంగతి నాకు పదే పదే గుర్తొస్తుంది.

ఒక కాగితం మిల్లు ఊరు

అటువంటి మనిషి ఎక్కడైనా ఉన్నాడా అని వెతికితే నాకు దొరికిన వాడు ఎడ్మండ్ మస్కీ. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, రమ్‌ఫర్డ్ అనే కాగితం మిల్లు ఊళ్లో 1914లో పుట్టాడు. ఊరి పక్క నది పేరు ఆండ్రోస్కాగిన్. మిల్లుల మురికి వల్ల నది కంపు కొట్టేది, నురగ తేలేది, ఆ గాలికి ఒడ్డునున్న ఇళ్ల గోడల రంగులు చెడిపోయేవి. ఆ మిల్లు కూలీలే ఆయన ఓటర్లు. మిల్లు మూతపడితే ఊరే లేదు. మావయ్య వాళ్ల ఊరికీ ఆ ఊరికీ ఎంత దూరమో నాకు తెలీదు గానీ, ఇబ్బంది మాత్రం ఒకటే.

మస్కీ ఆ నది ఒక్కదాని కోసం నిధులు తెచ్చి ఊరుకోలేదు. సెనేట్‌లో గాలి, నీటి కాలుష్యం మీద వేసిన ఉపసంఘానికి 1963 నుంచి అధ్యక్షుడిగా కూర్చున్నాడు. ఏళ్ల తరబడి విచారణలు జరిపాడు, ఊళ్లు తిరిగాడు, ఇంజినీర్లని, మిల్లు యజమానులని, డాక్టర్లని కూర్చోబెట్టి అడిగాడు. ఎదుటి పార్టీకి చెందిన హోవార్డ్ బేకర్‌తో కలిసి పనిచేశాడు. 1970లో స్వచ్ఛమైన గాలి చట్టం సెనేట్‌లో 73-0తో గెలిచింది. 1972లో నీటి చట్టాన్ని అధ్యక్షుడు నిక్సన్ వీటో చేస్తే, సెనేట్ 52-12తో, దిగువ సభ 247-23తో ఆ వీటోని కొట్టిపారేశాయి.

మస్కీ దేశమంతటికీ ఒకే ప్రమాణం కావాలని ఎందుకు పట్టుబట్టాడో ఆలోచిస్తే, మనకి పనికొచ్చేది దొరుకుతుంది. మెయిన్ ఒక్కటే కఠినంగా ఉంటే మిల్లు పక్క రాష్ట్రానికి పోతుంది. మెయిన్ కూలీకి పని పోతుంది, పక్క నది పాడవుతుంది. అన్నిచోట్లా ఒకే నిబంధన ఉంటే మిల్లుకి పారిపోయే చోటుండదు. తన ఊరి కూలీని కాపాడుకోవడానికే ఆయన దేశానికంతటికీ చట్టం రాశాడు. పరిశ్రమల కోసం తెలుగు రాష్ట్రాలు రెండూ పోటీ పడుతున్న ఈ రోజుల్లో ఆ తర్కం మన ఎంపీలకి మెయిన్ వాళ్ల కంటే ఎక్కువ అవసరం. ఒక రాష్ట్రం మెత్తబడితే రెండోది ఇంకా మెత్తబడుతుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురికి మోసిన నక్కవాగు సంగతి తెలిసినవాళ్లకి దీనికి ఉదాహరణ అక్కర్లేదు.

విప్ ఉంది కదా

ఈ మాట అనగానే నా మిత్రుడొకడు, న్యాయవాది, వెంటనే అడ్డుపడ్డాడు. "మస్కీ పార్టీ చెప్పినా వినకుండా ఓటేసుకోవచ్చు. మనవాడు ఇలా ఓటెయ్యి అని పార్టీ ఇచ్చే విప్‌ని ధిక్కరిస్తే సీటు పోతుంది. 1985లో 52వ సవరణ వచ్చాక ఎంపీకి సొంత ఓటు ఎక్కడుంది?" నిజమే. ఫిరాయింపుల చట్టం ఆయారాం గయారాంలని ఎంత ఆపిందో మనం చూస్తూనే ఉన్నాం, ఆలోచించి ఓటేద్దామనుకునే వాణ్ణి మాత్రం గట్టిగానే ఆపింది. 2023లో అటవీ సంరక్షణ చట్టం సవరణ బిల్లుని పర్యావరణం చూసే స్థాయీ సంఘానికి పంపకుండా విడిగా ఒక సంయుక్త కమిటీకి పంపారు. ఆ స్థాయీ సంఘం అధ్యక్షుడు జైరాం రమేశ్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. సంయుక్త కమిటీ బిల్లులో ఒక్క మార్పు కూడా సూచించలేదు, కొందరు సభ్యులు అసమ్మతి లేఖలు రాశారు, బిల్లు పాసైంది. ఇలాంటివి చూసినప్పుడు మావయ్య మాటే రైటేమో, మాట్లాడి ఏం లాభం అనిపిస్తుంది. ఆ రోజు నాకూ అనిపించింది.

కానీ విప్ పనిచేసేది ఓటింగు దగ్గర. ప్రశ్న అడగడానికి విప్ అడ్డు రాదు. స్థాయీ సంఘంలో విప్ ఉండదు. శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు పెట్టడానికి పార్టీ అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు. ప్రైవేటు సభ్యుల బిల్లులు ఇప్పటిదాకా చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా రుక్మిణీదేవి అరండేల్‌ని చూడండి. రాజ్యసభకి నామినేట్ అయిన సభ్యురాలు, వెనక పార్టీ లేదు. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపాలని 1950ల్లో ప్రైవేటు బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాటిస్తే వెనక్కి తీసుకున్నారు. 1960లో ఆ చట్టం వచ్చింది. ఆమె బిల్లు చట్టాలైన వాటి జాబితాలో ఉండదు. ఈ రోజు వీధికుక్కని కొట్టినవాడి మీద పెట్టే కేసు ఆ చట్టం కిందే.

రాష్ట్రంలో ఉన్నవాళ్లకి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు నీటి కాలుష్య నివారణ చట్టాన్ని సవరించింది. చాలా ఉల్లంఘనలకి జైలు శిక్ష తీసేసి, 10,000 నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. 1974 నాటి మూల చట్టం రాజ్యాంగం 252 అధికరణ కింద రాష్ట్రాల తీర్మానాల మీద పుట్టింది కాబట్టి, ఈ సవరణ కూడా మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది. మిగతా రాష్ట్రాలు తమ శాసనసభల్లో తీర్మానం చేసి తీసుకోవాలి. అంటే ఢిల్లీలో పుట్టిన ఒక జాతీయ విధానం మీద మన ఎమ్మెల్యేకి స్వయంగా ఓటు వేసే అవకాశం. జైలు ఎలాగూ ఎవరికీ పడటం లేదు, జరిమానా అయినా వేగంగా వసూలవుతుంది అనే వాదన ఉంది, దాన్ని తోసెయ్యలేను. రోజుకి కోట్ల వ్యాపారం చేసే ఫ్యాక్టరీకి 15 లక్షలు ఒక ఖర్చు పద్దు మాత్రమే అనే వాదన నాకు ఇంకా బలంగా కనిపిస్తుంది. ఏ వాదన నెగ్గినా సరే, ఆ చర్చ సభలో జరగాలి. ఏకవాక్య తీర్మానంగా, మూజువాణి ఓటుతో, పది నిమిషాల్లో అయిపోకూడదు. మా ఎమ్మెల్యే ఆ రోజు సభలో ఉంటాడా, ఉంటే ఏమంటాడు అన్నది నాకు సిమెంటు రోడ్డంత ముఖ్యం.

ఏకగ్రీవాలన్నీ కొల్లేరు లాంటివే అని కూడా అనను. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వొద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అక్కడ చెంచుల గొంతు, అడవి మేలు ఒకే వైపు ఉన్నాయి. అలాంటప్పుడు చెయ్యెత్తడం కష్టం కాదు. కొల్లేటి దగ్గర అవి రెండూ విడిపోయాయి, నాకు ప్రతినిధి కావాల్సింది అక్కడ.

నూటయాభై మాటలు

మొన్న ఆదివారం మావయ్యకి ఫోన్ చేసి ఇదంతా కాస్త కాస్తగా చెప్పాను. 26ఎ సెక్షను సంగతి విన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ తీర్మానం కాయితం ముక్కేనా?" అన్నాడు. అప్పు సంగతి ఇద్దరం ఎత్తలేదు. కాసేపాగి, "సరే, ఆ పార్లమెంటు ప్రశ్న ఎట్టా ఏస్తార్రా?" అని అడిగాడు.

చెప్పాను. ఎంపీ ద్వారానే వెయ్యాలి. పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి. నూటయాభై మాటలు దాటకూడదు. ప్రశ్నలో వాదన ఉండకూడదు, ఎత్తిపొడుపు ఉండకూడదు, నింద ఉండకూడదు. ఉప్పుటేరు పూడిక ఎప్పుడు తీస్తారని జలశక్తి శాఖని అడిగితే నీళ్లు రాష్ట్రం పరిధిలోవని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అదే రామ్‌సర్ సరస్సు నుంచి బయటికి పోయే ఏకైక దారి పూడిపోతోంది, ఆ సరస్సు పరిరక్షణకి కేంద్రం ఎంత ఇచ్చింది, ఆ సొమ్ము దేనికి ఖర్చయింది అని పర్యావరణ శాఖని అడిగితే, అంత తేలిగ్గా తప్పించుకోలేరు. సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు పెడతాం అని జవాబొస్తే అది హామీ కింద లెక్క, దాన్ని వెంటాడటానికి ఒక కమిటీ ఉంది.

మావయ్య "రాసుకో" అన్నాడు. ఆయన చెప్పిన మొదటి వాక్యం నిండా 2006 నాటి పొక్లెయినే ఉంది. అది నిబంధనకి నిలవదు మావయ్యా అన్నాను. రెండోసారి చెప్పాడు, మూడోసారి చెప్పాడు. నాలుగోసారికి, ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూములెన్ని, వాటిలో ఎన్నింటికి హక్కులు తేల్చారు, ఎంతమందికి పరిహారం ఇచ్చారు, మిగిలినవాళ్లకి ఏ తేదీలోగా ఇస్తారు అన్న దగ్గర ఆగాడు. ఉప్పుటేరు ప్రశ్న విడిగా రాశాం. రెండు కాగితాలు, కింద ఊరివాళ్ల సంతకాలు పెట్టించే బాధ్యత ఆయన తీసుకున్నాడు.

నిన్న పొద్దున మళ్లీ ఫోన్ చేశాడు. ముప్ఫై ఒక్క సంతకాలయ్యాయట. ఇద్దరు మాత్రం ముందు గట్టు మీద గ్రావెల్ సంగతి కూడా రాస్తేనే పెడతామన్నారట. "ఏం చెప్పావు మావయ్యా?" అన్నాను. "దానికి పంచాయతీకి ఇంకో కాయితం రాద్దామన్నాను. దాని మీదా ఆళ్ల సంతకాలు తీసుకున్నాను" అన్నాడు.